సొంత నేలలో సమాధి: ఆచారం, చట్టం, ఊరి స్థలం

వలస వచ్చి స్థిరపడిన సమాజాల చరిత్ర రాసేటప్పుడు మనం సాధారణంగా గుళ్ళనూ, ఇంటిపేర్లనూ, దానశాసనాలనూ పరిశీలిస్తాం. శ్మశానాలను అంతగా పట్టించుకోం. నిజానికి ఒక కుటుంబం ఒక ఊళ్ళో ఎప్పటి నుండి ఉన్నదో, ఆ ఊరు దానికి ఎంత చోటు ఇచ్చిందో తెలుసుకోవడానికి పోయినవారిని ఎక్కడ పూడ్చారన్నది మంచి ఆధారం. చనిపోయిన బంధువును సొంత పొలంలో పూడ్చిపెట్టుకోవచ్చునా, దానికి నియమాలేమిటి, ఆ నియమాలు ఎట్లా ఏర్పడ్డాయి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాం.

ఈ పరిశీలనకు పాత మద్రాసు రాజధానిని ప్రధాన క్షేత్రంగా తీసుకుంటున్నాం. ఇందుకు కారణం ఉంది. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరేవరకు మద్రాసు రాజధానిలోనిదే. బళ్ళారి 1953 అక్టోబర్ 1న మైసూరు రాష్ట్రంలో చేరేవరకు మద్రాసుదే. కోయంబత్తూరు, మధురై, హోసూరు ప్రాంతాల సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి బరంపురంలోనో బళ్ళారిలోనో కోవిల్‌పట్టిలోనో చదువుకునే తెలుగు విద్యార్థుల తాతముత్తాతలు చాలాకాలం ఒకే ప్రభుత్వపు చట్టాల కింద బతికారు. చనిపోయినప్పుడూ వారికి వర్తించినవి ఆ చట్టాలే.

మాటలు

ముందుగా మాటలను చూద్దాం. ఖననం అనేది పుస్తకాల మాట. వాడుకలో పూడ్చడం, పాతిపెట్టడం అంటాం. తెలంగాణలో బొందపెట్టడం అంటారు. స్థలాన్ని శ్మశానం, వల్లకాడు, రుద్రభూమి అని పిలుస్తాం. తెలంగాణలో బొందలగడ్డ అన్న మాట ఉంది. క్రైస్తవులు సమాధుల తోట అంటారు, ముస్లింలు ఖబరస్తాన్ అంటారు. తమిళంలో కాల్చే చోటు సుడుకాడు, పూడ్చే చోటు ఇడుకాడు. తమిళనాడు రెవెన్యూ రికార్డుల్లో కనిపించే మాట మయానం. ఇది మన శ్మశానమే. తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారు ఇంట్లో ఒక మాట, తాలూకా కచేరీలో మరొక మాట వాడవలసి రావడం మనకు తెలిసిందే. పాత కాగితాలు చూసే విద్యార్థి ఈ మాటలన్నిటినీ గుర్తుంచుకోవాలి.

ఆచారం

హిందువులందరూ దహనమే చేస్తారన్న అభిప్రాయం తెలుగునాట ఎన్నడూ పూర్తిగా నిజం కాదు. వీరశైవులూ జంగములూ శవాన్ని కూర్చున్న భంగిమలో, చేతిలో ఇష్టలింగంతో పూడుస్తారు. సన్న్యాసులకు సమాధి ఉంటుంది గాని చితి ఉండదు. పసిపిల్లలను దాదాపు అన్ని కులాలవారూ పూడుస్తారు. దళిత సమాజాల్లో చాలావరకు ఖననమే వాడుక. క్రైస్తవులకూ ముస్లింలకూ ఖననం మతాచారం. దహనం చేసే రైతు కుటుంబాల్లో కూడా, ఇంటి పెద్దను పొలం గట్టున పూడ్చి సమాధి కట్టించడం అనేక చోట్ల కనిపిస్తుంది.

పొలంలో సమాధి కట్టడానికి భక్తి ఒక కారణం. పెద్దలు పొలం కాపాడతారన్న నమ్మకం మరొకటి. వలస కుటుంబాలకు మూడో కారణం కూడా ఉంది. ఊరి శ్మశానంలో అప్పటికే ఏ కులానికి ఏ మూల అన్న ఏర్పాటు ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి అందులో వాటా దొరకడం సులభం కాదు. కొంత నేల కొనుక్కున్నాక అందులోనే ఒక మూలను పోయినవారికి వదిలేసుకోవడం వారికి తేలికైన మార్గం. తరువాతి తరాలకు ఆ సమాధే మేము ఇక్కడివాళ్ళమే అని చెప్పుకోవడానికి గుర్తుగా నిలిచింది.

పట్టా, పోరంబోకు

సొంత నేల, ఊరి నేల అన్న విభజన ఇంత కచ్చితంగా కాగితం మీదికి ఎక్కడానికి రైత్వారీ పద్ధతి కారణం. ఈ పద్ధతికి ప్రధాన రూపకర్తల్లో ఒకరైన థామస్ మన్రో 1820 నుండి 1827 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. పొలాలను కొలిచి, నంబరు వేసి, శిస్తు కట్టేవారి పేర పట్టా రాయడం ఈ పద్ధతి సారం. ఎవరి పట్టాలోనూ చేరని దారి, చెరువు, శ్మశానం వంటివి పోరంబోకుగా నమోదయ్యాయి. అప్పటి నుండి శవాన్ని పూడ్చే చోటు పట్టాలో ఉన్నదా పోరంబోకులో ఉన్నదా అన్న ప్రశ్న పుట్టింది.

మన్రో అంత్యక్రియలు కూడా ఈ సందర్భంలో గమనింపదగినవి. అతడు 1827 జూలై 6న కర్నూలు ప్రాంతంలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆనాటికి చర్చి గోడల నడుమ సమాధి కట్టడం గౌరవ చిహ్నం. తరువాత వందేళ్ళు నిండక ముందే, ప్రార్థనాస్థలం లోపల కొత్తగా సమాధి కట్టడాన్ని మద్రాసు పురపాలక చట్టం నిషేధించింది. ఈ మధ్యకాలంలో శవం పట్ల ప్రభుత్వపు దృష్టి మారింది. గౌరవం మాట వెనక్కి పోయి ఆరోగ్యం మాట ముందుకు వచ్చింది.

దూరం లెక్క ఎక్కడిది

ఈ మార్పు మొదట ఐరోపాలో జరిగింది. ఫ్రాన్సులో 1804 జూన్ 12 నాటి డిక్రీ పట్టణాల లోపల ఖననాన్ని ఆపి, ఊరి హద్దుకు కనీసం 35 నుండి 40 మీటర్ల దూరం ఉండాలన్నది. అదే డిక్రీ, ఆ దూరం పాటిస్తే ఎవరినైనా వారి సొంత భూమిలో పూడ్చవచ్చునని కూడా ఒప్పుకున్నది. నేటికీ ఫ్రాన్సులో ప్రిఫెక్టు అనుమతి తీసుకుని సొంత భూమిలో పూడ్చుకోవచ్చు. యానాం చరిత్ర చదివే విద్యార్థులు ఈ ఫ్రెంచి సూత్రాన్ని మద్రాసు సూత్రంతో పోల్చి చూడడం మంచిది.

ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ 1843లో పట్టణ శ్మశానాల మీద ఇచ్చిన నివేదిక అక్కడి స్థితిని బయటపెట్టింది. శవాల నుండి వచ్చే చెడుగాలి వల్ల రోగాలు పుడతాయని అప్పటి నమ్మకం. 1855 నాటి ఇంగ్లీషు ఖనన చట్టం, నివాస గృహానికి 100 గజాల లోపు కొత్త శ్మశానం పెట్టాలంటే ఆ ఇంటివారి రాతపూర్వకమైన సమ్మతి కావాలన్నది. 100 గజాలంటే 91.44 మీటర్లు. ఈ అంకెను మనం గుర్తుంచుకోవాలి. తరువాత తమిళనాడు పల్లెల్లో దాదాపు ఇదే దూరం మళ్ళీ ఎదురవుతుంది.

మద్రాసులో 1919 నాటి నగర పురపాలక చట్టం, 1920 నాటి జిల్లా పురపాలక చట్టం ఈ విషయాన్ని ఒక క్రమంలో పెట్టాయి. 1920 చట్టం ప్రకారం శ్మశానాలు మూడు రకాలు: పాతవై రిజిస్టరులో చేరినవి, కొత్తగా లైసెన్సు పొందినవి, పురపాలక సంఘమే ఏర్పాటు చేసినవి. ఈ మూడింటిలో చేరని చోట పూడ్చడం గాని కాల్చడం గాని నిషేధం. అంటే పట్టణంలో సొంత పెరడు ఎంత విశాలమైనదైనా, లైసెన్సు లేకపోతే సమాధికి పనికిరాదు. పట్టణానికి ఇంత గట్టి నియమం వచ్చినా పల్లెలో మాత్రం చాలాకాలం ఆచారమే నడిచింది. పట్టాదారు తన పొలంలో పూడ్చుకుంటే అడిగేవారు తక్కువ.

తొంభై మీటర్ల వివాదం

తమిళనాడు పంచాయతీల చట్టం 1994లో వచ్చింది. దాని కింద గ్రామ పంచాయతీలలో ఖనన, దహన స్థలాల ఏర్పాటుకు 1999లో నియమాలు చేశారు. కొత్త స్థలానికి పంచాయతీ లైసెన్సు కావాలని అవి చెబుతాయి. నివాస గృహానికి గాని తాగునీటి వనరుకు గాని 90 మీటర్ల లోపు శవాన్ని పూడ్చరాదని కూడా చెబుతాయి. చెడుగాలి సిద్ధాంతం అప్పటికే ఎన్నడో వీగిపోయింది. నీటి కాలుష్యమన్న భయానికి మాత్రం ఆధారం ఉంది. అందుకే ఇంటితోపాటు నీటి వనరు కూడా నియమంలో కనిపిస్తుంది.

ఈ నియమాల అర్థం మీద రెండు వాదాలు బయలుదేరాయి. ఇంటికీ నీటికీ 90 మీటర్ల లోపు పూడ్చడాన్ని మాత్రమే నియమం నిషేధించింది కాబట్టి, ఆ దూరం దాటిన పట్టా భూమిలో పూడ్చుకోవచ్చునని ఒక వాదం. శ్మశానమంటూ ఏర్పాటు చేశాక, దూరం ఎంత ఉన్నా లైసెన్సు లేని చోట పూడ్చడానికి వీల్లేదని రెండో వాదం. పొరుగు పొలంవారు అభ్యంతరం చెప్పినప్పుడల్లా ఈ రెండు వాదాలూ మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాయి. చివరకు 2023లో ఆ కోర్టు ఫుల్ బెంచి రెండో వాదం వైపు మొగ్గింది. నిర్దేశించిన స్థలంలోనే పూడ్చాలి గాని, పట్టా ఉన్నంతమాత్రాన సొంత పొలం శ్మశానం కాదన్నది దాని సారాంశం.

తరువాతి సంవత్సరమే ఒక ప్రసిద్ధ సంఘటన జరిగింది. బహుజన్ సమాజ్ పార్టీ తమిళనాడు అధ్యక్షుడు కె. ఆర్మ్‌స్ట్రాంగ్ 2024 జూలై 5న చెన్నై పెరంబూరులో హత్యకు గురయ్యాడు. ఆయనను పార్టీ కార్యాలయ ప్రాంగణంలోనే పూడ్చడానికి అనుమతి కోరారు. జూలై 7 ఆదివారమైనా హైకోర్టు ప్రత్యేకంగా కూర్చున్నది. ఇళ్ళ నడుమ ఉన్న ఇరుకు స్థలమన్న కారణంతో ఆ కోరికను అంగీకరించలేదు. తిరువళ్ళూరు జిల్లా పొత్తూరులో బంధువుల భూమిలో పూడ్చడానికి ఒప్పుకున్నది. కాబట్టి సొంత భూమి తలుపు పూర్తిగా మూతపడలేదు. అయితే దాన్ని ఇప్పుడు ఆచారం తెరవలేదు, అధికారి గాని న్యాయస్థానం గాని తెరవాలి.

సమాధి ఉన్నచోటు దేవాలయమవుతుందా

పూడ్చడం ఒక ప్రశ్న అయితే, పూడ్చిన తరువాత ఆ నేల ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. కదిరి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధి, కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం సమాధి మనకు తెలిసినవే. అవి పుణ్యస్థలాలు. వాటిని చూసి, సాధారణ కుటుంబాలు కూడా తమ పెద్దల సమాధికి దీపం, పూజ, అన్నదానం శాశ్వతంగా జరగాలని భూమి రాసిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం నుండి వెళ్ళిన అటువంటి ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1953లో తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ బాచు జగన్నాథదాస్. ఆయన అంతకు ముందు ఒరిస్సా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. సాధారణ వ్యక్తి సమాధి పూజకు ఆస్తిని శాశ్వతంగా అంకితం చేయడం హిందూ ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదని ఆ తీర్పు. దైవత్వం ఆపాదింపబడిన మహాత్ముల విషయం వేరు.

దీని ఫలితం మన కుటుంబాలకు నేరుగా తగులుతుంది. పొలం పంపకాల్లో ఒకరి వాటాకు వస్తుంది, ఆ తరువాత పరాయివారికి అమ్ముడవుతుంది. సమాధి ఉన్న మూలను దస్తావేజులో కొలతలతో మినహాయించి, అక్కడికి వెళ్ళే దారిని కూడా రాసుకోకపోతే, పెద్దలకు పెట్టుకోవడానికి వచ్చిన మనుమడు పరాయి పొలంలో అడుగుపెట్టినవాడవుతాడు. ఒకరి మనసు నొప్పించాలన్న లేదా వారి మతాన్ని అవమానించాలన్న తలంపుతో సమాధి స్థలంలోకి అక్రమంగా చొరబడినా శవాన్ని అవమానపరచినా నేరమని 1860 నాటి శిక్షాస్మృతి 297వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 301వ సెక్షను. అయితే ఈ సెక్షను ఎముకలకు రక్షణ ఇస్తుంది గాని కుటుంబానికి నేల మీద హక్కు ఇవ్వదు. ఈ తేడా తెలియక నష్టపోయేది ఎక్కువగా రెండో మూడో తరమే.

కరోనా కాలం

శ్మశానంలో చోటు చాలనప్పుడు ప్రభుత్వం తానే పాత ఆచారం వైపు తిరగడం కర్ణాటకలో కనిపించింది. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడత మరణాలతో బెంగళూరు శ్మశానాల ముందు అంబులెన్సులు వరుస కట్టాయి. అప్పుడు కర్ణాటక ప్రభుత్వం, కుటుంబాలు తమ సొంత పొలాల్లో, తోటల్లో అంత్యక్రియలు జరుపుకోవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది. ఆరోగ్యం పేరుతో వద్దన్న పనినే ఆరోగ్య సంకటంలో ఒప్పుకోవలసి వచ్చింది. అయితే ఆ సౌకర్యం పొలమూ తోటా ఉన్నవారికే దక్కిందన్న సంగతి కూడా మనం గమనించాలి. అద్దె ఇంట్లో ఉండే కూలి కుటుంబానికి ఆ ఉత్తర్వు వల్ల ఒరిగిందేమీ లేదు.

నేల లేనివారు

అసలు సమస్య ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. సొంత నేలలో పూడ్చుకోవచ్చునా అన్న ప్రశ్న నేల ఉన్నవారి ప్రశ్న. తమిళనాడులో తెలుగు మాట్లాడే సమాజాలంటే నాయుళ్ళూ రెడ్లూ మాత్రమే కారు. అరుంధతీయుల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో అధికులకు పట్టా లేదు. వారికి ఊరి శ్మశానమే గతి. ఆ శ్మశానానికి దారి కూడా ఒక్కోసారి ఇతరుల పట్టా భూమి గుండానే పోవాలి.

2019 ఆగస్టులో వాణియంబాడి దగ్గర జరిగినది ఇందుకు ఉదాహరణ. శ్మశానానికి వెళ్ళే దారిలోని భూముల వారు అడ్డు చెప్పడంతో, ఒక దళితుని శవాన్ని బంధువులు పాలారు వంతెన మీది నుండి తాళ్ళతో కిందికి దింపుకోవలసి వచ్చింది. మద్రాసు హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకున్నది. ఒకరి పట్టా వారి పెద్దలకు సమాధి స్థలమైతే, అదే పట్టా మరొకరి పెద్దలకు దారి లేకుండా చేసింది.

ఒడిషాకు ఆనుకుని ఉన్న బస్తరులో 2025 జనవరిలో మరొక విధమైన చిక్కు వచ్చింది. ఛిందవాడ గ్రామంలో ఒక క్రైస్తవ బోధకుడు జనవరి 7న మరణించాడు. ఊరి శ్మశానంలో పూడ్చడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. సొంత పొలంలో పూడుస్తామంటే అక్కడా అడ్డే. హైకోర్టు కుమారుని కోరికను తిరస్కరించింది. శవం 20 రోజులు ఆసుపత్రిలో ఉండిపోయింది. జనవరి 27న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాల తీర్పు చెప్పారు. సొంత భూమిలో పూడ్చనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న, నిర్దేశించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. శవాన్ని ఇంకా ఆపడం తగదని, రాజ్యాంగం 142వ అధికరణ కింద, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్ శ్మశానంలో పూడ్చడానికి ఇద్దరూ కలిసి ఆదేశించారు. మద్రాసు పల్లెల్లో ఎదురైన రెండు వాదాలే ఇక్కడ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలిచాయి. సూత్రం మాత్రం తేలలేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, సొంత నేలలో పూడ్చడం మన సమాజాల్లో పాత ఆచారమే గాని, చట్టం దాన్ని ఒక హక్కుగా రాసి ఇవ్వలేదు. పల్లెల్లో చట్టం చాలాకాలం మౌనంగా ఉన్నది. ఆ మౌనాన్నే మనం హక్కు అనుకున్నాం. రెండు, చట్టం మొదట దూరం లెక్కతో ప్రవేశించి, క్రమంగా లైసెన్సు దాకా వచ్చింది. మూడు, ఊరి శ్మశానం అందరికీ సమానంగా తెరిచి ఉన్నచోట ఈ నియమం న్యాయంగా తోస్తుంది. అట్లా లేనిచోట ఇదే నియమం, బయట ఉన్నవారికి మిగిలిన ఒక్క దారినీ మూసివేస్తుంది. కాబట్టి సొంత పొలంలో సమాధిని నిషేధించే ప్రభుత్వం ముందుగా ఊరి శ్మశానంలో అందరికీ చోటున్నదా, అక్కడికి దారి ఉన్నదా అని చూడవలసి ఉంటుంది.

మన విద్యార్థులకు ఇందులో చేయదగిన పని చాలా ఉన్నది. ఒక్క ఊరిని తీసుకుని నాలుగు ఆధారాలు చూస్తే చాలు. పొలాల కొలతల పుస్తకంలో శ్మశాన పోరంబోకు ఎక్కడ గుర్తించారో చూడాలి. పంచాయతీలో లైసెన్సు స్థలాల జాబితా అడగాలి. జనన మరణాల రిజిస్టరు చూడాలి. 1969 చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో తెలియజేయాలి. శవాన్ని సొంత పొలంలో పూడ్చినా ఈ బాధ్యత తప్పదు. చివరగా పొలం గట్ల మీది సమాధి రాళ్ళను చదవాలి. ఏ తరం దాకా తెలుగు లిపిలో చెక్కించారు, ఎప్పటి నుండి తమిళంలోకో కన్నడంలోకో ఒడియాలోకో మారారు అన్నది ఆ రాళ్ళే చెబుతాయి. పొలాలు ఇళ్ళ స్థలాలుగా మారుతున్నకొద్దీ ఈ రాళ్ళు కనబడకుండా పోతున్నాయి. పట్టా ఎవరి పేరున ఉన్నా, వాటి మీది పేర్లను రాసి ఉంచుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పనిని మన విద్యార్థులు తమ తమ ఊళ్ళలో మొదలుపెట్టాలని కోరుతున్నాం.